కుండ మీది థర్మామీటరు

"ఐసుకు గొంగళి కప్పేవాళ్ళను నేను యాడా చూడలేదు" అని మా ఆయన నడింట్లో నిలబడి అరిచాడు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. గిద్దలూరు స్టేషను రోడ్డులో మాకు సోడాలు, కూల్‌డ్రింకుల దుకాణం ఉంది. ఐసు దాచే చెక్కపెట్టె అడుగు ఊడిందని, వడ్రంగి వచ్చేదాకా ఇంట్లో పెడదామని మిగిలిన సగం దిమ్మను భుజాన వేసుకొచ్చాడు. ఇంట్లో రంపపు పొట్టు లేదు. నా చేతికి దొరికింది మా అత్త గొంగళి. దిమ్మను అందులో మడతలు మడతలుగా చుట్టి చీకటి మూలన పెట్టాను. అంతే, గొడవ మొదలైంది.

"గొంగళి వేడి, కుమారీ. చలికాలం కప్పుకునేది. దాంట్లో చుడితే ఐసు ఉడికిపోదా?"

"మరి పెట్టెలో పొట్టెందుకు పోస్తారు?"

"పొట్టు చలవ."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో చెప్పేదేంది? పొట్టులో ఉంటే ఐసు కరగదు. కాబట్టి చలవ."

మా ఇళ్ళల్లో ప్రతి వస్తువుకూ ఇట్లా ఒక గుణం రాసిపెట్టి ఉంటుంది. మజ్జిగ చలవ, మామిడిపండు వేడి, రాగులు చలవ, సజ్జలు వేడి. తిండి సంగతి నాకు తెలియదు. కానీ గొంగళిలో వేడి ఎక్కడుంది? దానికి పొయ్యి లేదు, ఒళ్ళు లేదు. మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఐసుకు చుడితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. మార్కాపురంలో బీఎస్సీ చదివిన మూడేళ్ళలో నాకు మిగిలినవి ఇలాంటి నాలుగు ముక్కలే. వాటిని మాత్రం వదులుకోదలచలేదు.

"మీ ఇద్దరి సదువులూ కాలిపోను! నా గొంగళి నానిపోతాంది" అంటూ మా అత్త శేషమ్మ వచ్చింది. రాచర్ల అవతల గొర్రెలు మేపే ఇంట పుట్టిన మనిషి. ఆ గొంగళి వాళ్ళ నాయన నేయించి ఇచ్చింది. ఎండాకాలంలో కూడా దాన్ని మడిచి తలకింద పెట్టుకుంటేగాని నిద్రపోదు.

"నాన్నా, పందెం" అంది మా మల్లి. పదో తరగతిలోకి వచ్చిన పిల్ల. "సగం గొంగట్లో, సగం బేసిన్లో. యాది ముందు కరిగితే వాళ్ళు ఓడిపోయినట్టు."

"సరే. నా సగం ఫ్యాను కింద పెట్టు. చల్లగా ఉంటది" అన్నాడు ఆయన.

సాయంత్రానికి బేసిన్లో నీళ్ళు మాత్రమే ఉన్నాయి. గొంగళి విప్పితే ఇటుకంత ఐసు అట్లాగే ఉంది. ఆయన దాన్ని గోటితో గీకి చూసి, "గొంగళి తడిసింది కదా. తడిస్తే దాని వేడి పోయింది" అన్నాడు. మల్లి కడుపు పట్టుకుని నవ్వింది. ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ నవ్వు నాకు వినపడలేదు.

మల్లి చదివేది ఊళ్ళో పేరున్న ప్రైవేటు స్కూలు. ఎండాకాలం సెలవుల్లో క్లాసులు పెట్టకూడదని ప్రభుత్వం ప్రతి ఏడూ చెబుతుంది, వీళ్ళు ప్రతి ఏడూ పెడతారు. మేడమీద రేకుల షెడ్డులో పదో తరగతి పిల్లలందరినీ కూర్చోబెట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పాఠాలు. కింద మంచి గదులున్నాయి. కొత్త అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులకు చూపించాలని వాటికి రంగులు వేయించి, గోడల మీద పువ్వులు గీయించి, తాళాలు వేసి పెట్టారు.

రోజూ పన్నెండు గంటలకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కరస్పాండెంట్ వరప్రసాదం గారు ఒక ఫొటో పెట్టేవారు. గోడకు వేలాడే థర్మామీటరు, అందులో ఎర్రగీత. కింద, "క్లాసు గదిలో ఉష్ణోగ్రత 34. మీ పిల్లలు మా పిల్లలే." దాని కింద వరసగా దండాలు, పూలగుత్తులు.

మొదటి రోజే నాకు అనుమానం వచ్చింది. బయట నీడలో నలభై మూడు. పైన ఎర్రగా కాలే రేకులు. ఆ రేకుల కింద ముప్ఫై నాలుగు ఎట్లా ఉంటుంది? ఆ మాటే గ్రూపులో అడిగాను. ఒక తల్లి, "మీకేం అక్కా, అన్నీ అనుమానాలే" అని నవ్వుబొమ్మ పెట్టింది. మరునాడూ వరప్రసాదం గారు అదే 34 పెట్టారు.

ఇంతలో మల్లి ఒక మధ్యాహ్నం గోడ పట్టుకుని నడుస్తూ ఇంటికొచ్చింది. పాదాలు చూస్తే అరికాళ్ళు కమిలి, మడమల దగ్గర బొబ్బలు.

"ఏందే ఇది?"

చెప్పదు. వాళ్ళ అవ్వ వెన్న రాస్తానంటే నేను వద్దని, బకెట్టులో నీళ్ళు పోసి కాళ్ళు అందులో పెట్టించాను. చాలాసేపటికి చెప్పింది.

ఆ రోజు ఫెబీ టీచరు ఉష్ణం పాఠం చెప్పింది. అప్పటి పుస్తకంలో భౌతికశాస్త్రానికి అదే మొదటి పాఠం. వేడి వస్తువు నుంచి చల్లటి వస్తువుకు ఉష్ణం ప్రవహిస్తుంది. రెండూ ఒక్క స్థితికి వచ్చాక ఆగుతుంది. థర్మామీటరు దేన్ని తాకి ఉంటే దానితో సమానమై, దాని ఉష్ణోగ్రత చూపిస్తుంది. ఇది వినగానే మా పిల్ల లేచి నిలబడి అడిగిందట: "మేడం, మన గది థర్మామీటరు మూలనున్న నీళ్ళకుండను తాకుతాంది కదా. అయితే అది చూపించేది కుండ ఉష్ణోగ్రతే గదా, మనది కాదు గదా?"

పిల్లలు నవ్వారట. ఫెబీ టీచరు నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. తలుపు దగ్గర వరప్రసాదం గారు నిలబడి ఉన్నారు మరి.

"లోపల వేడిగా ఉందా తల్లీ నీకు?" అన్నారట ఆయన, నవ్వుతూనే. "బయట నిలబడు కాసేపు. లోపలెంత చల్లగా ఉందో తెలుస్తది."

పిల్లలు చెప్పులు మెట్ల దగ్గర విడిచి క్లాసుకు పోవాలి. అది ఆ స్కూలు పద్ధతి. మేడమీద పరిచినవి నాపరాళ్ళు. పన్నెండు గంటల ఎండ. మా పిల్ల ఒక కాలు మీద, ఆ తర్వాత ఇంకో కాలు మీద నిలబడిందట. ఆయన మరిచిపోయి కిందికి దిగి వెళ్ళారట. పీరియడ్ అయ్యేదాకా ఎవరూ లోపలికి పిలవలేదు.

మరుసటి రోజు నేను వెళ్ళాను. ఎవరినీ అడగకుండా నేరుగా మేడెక్కాను. షెడ్డులోకి అడుగు పెట్టగానే నెత్తిమీద పెనం బోర్లించినట్టు అనిపించింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రేకుల కిందున్న గాలినే తెచ్చి పిల్లల మొహాలకు కొడుతున్నాయి. మూలన ఇనుప స్టాండు మీద నీళ్ళకుండ, దానికి చుట్టిన తడిగుడ్డ. పైన మేకుకు థర్మామీటరు. దాని బుడ్డి ఆ తడిగుడ్డలో దూరి కూర్చుంది. ఫొటోలో కుండ పడకుండా తీయడం ఏమంత కష్టం కాదు.

ఫెబీ టీచరు నన్ను చూసి సుద్దముక్క కింద పెట్టింది. కొత్తగా చేరిన పిల్ల, మా మల్లికి అక్కలా ఉంటుంది. నేను థర్మామీటరు తీసి, కొంగుతో తుడిచి, పిల్లల మధ్యనున్న స్తంభానికి తగిలించాను. పిల్లలందరూ పుస్తకాలు వదిలేసి దానివైపే చూస్తున్నారు. ఎర్రగీత కదిలింది. ముప్ఫై ఆరు. ముప్ఫై తొమ్మిది. నలభై రెండు దాటేసరికి వరప్రసాదం గారు మెట్లెక్కి వచ్చారు.

"రండమ్మా, ఆఫీసులో కూర్చొని మాట్లాడదాం."

"ఇక్కడే బాగుంది సార్. చల్లగా ఉందన్నారు కదా."

ఆయన థర్మామీటరు వైపు చూశారు. నలభై అయిదు. "అట్ల తీసి, తుడిచి, రుద్దితే పాడైపోతదమ్మా. అది సున్నితమైన వస్తువు."

"కుండను తాకించి పెట్టడమేంది సార్?"

"గదిలో యాడ పెట్టినా గదే కదమ్మా."

ఇరవై ఏళ్ళుగా స్కూలు నడుపుతున్న మనిషి. ఆ మాట తెలియక అన్నారో, నాకు తెలియదనుకుని అన్నారో నాకు ఈ రోజుకీ తేలలేదు. రెండిట్లో ఏది చిన్న తప్పో కూడా తేలలేదు.

"నా బిడ్డ పాదాలు కాలినాయి" అన్నాను.

"ఒక్క క్షణం నిలబడమన్నా. నీడ ఉంది, నీడలోకి పోవచ్చు కదా. ఈ కాలం పిల్లలు మరీ సుకుమారమమ్మా. మేమంతా ఈ ఎండల్లో ఉత్తకాళ్ళతో తిరిగి చదువుకున్నోళ్ళమే."

"కింద గదులు తెరవండి."

ఆయన చాలా మర్యాదగా చెప్పారు, సోమవారం నుంచి తప్పకుండా కిందికి మారుస్తామని. పిల్లలందరి ముందూ చెప్పారు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఫెబీ టీచరు వచ్చి, "ఆంటీ, మీ ఫోన్ నెంబరు ఇస్తారా?" అంది. ఎందుకని అడగలేదు. ఇచ్చాను.

నేను ఇంటికి చేరేలోపే మా ఆయనకు ఫోన్ వెళ్ళింది.

"స్కూలుకు పోయి పెద్దమనిషితో కొట్లాడినావంట! పది సదివే పిల్లను పెట్టుకొని ఎవరన్నా ఇట్ల చేస్తారా? ఆయన మనసులో పెట్టుకుంటే ఏమైతది? దాని మార్కులు ఏమైతయి?"

"దాని కాళ్ళు చూసినారా?"

"చూసినా. మందు తెచ్చినా. కాళ్ళు మానుతయి. పది పోతే మళ్ళ వస్తదా?" ఆయన ఏడో తరగతితో ఆపేసి సోడాబండి తోసిన మనిషి. ఆ స్కూలు టై కట్టుకుని మల్లి దుకాణం ముందు నుంచి నడిచి పోతుంటే, సోడా కొట్టడం ఆపి చూస్తాడు. నాకు తెలుసు. అందుకే ఆయన మీద కోపం పూర్తిగా రాదు. వచ్చినంత మట్టుకే చాలా వచ్చింది.

"సోమవారం నుంచి కింద గదులే కదా. పంపియ్యి" అన్నాడు చివరికి.

గడప మీద కూర్చున్న మల్లి పాదాల వైపు చూసుకుంటూ, "పోతాలే నాన్నా" అంది. మళ్ళీ, ఎవరితో అంటున్నదో తెలియనట్టు, "ఇంక ఏం అడగనులే" అంది.

బొబ్బల కంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. మూడేళ్ళప్పుడు చందమామ మనతో పాటు ఎందుకు నడుస్తాడని అడిగిన పిల్ల ఇది. పప్పు పొంగితే మూత ఎందుకు ఎగురుతుందని, రైలుపట్టాల మధ్య సందు ఎందుకని, వాళ్ళవ్వ ప్రాణం తోడేసే పిల్ల.

సోమవారం వచ్చింది. కింద గదులు తెరవలేదు. తాళంచెవులున్న గుమస్తా ఊరికి పోయాడట. ఆ సంగతి నాకు మధ్యాహ్నం ఫోన్ వచ్చేదాకా తెలియదు. చేసింది ఫెబీ టీచరు.

"ఆంటీ, షబానా పడిపోయింది. ఒళ్ళు కాలిపోతాంది, చెమట లేదు, పిలిస్తే పలకట్లేదు. సార్ నీళ్ళు తాపమంటున్నాడు."

"తాపొద్దు, గొంతులో పొరబోతది. కింది వరండాలోకి దించండి. బట్టలు తడపండి. కుండలో నీళ్ళన్నీ పోయండి."

షబానా ఆటో నడిపే అబ్బాస్ అలీ కూతురు. మల్లి పక్కనే కూర్చుంటుంది. స్కూలుకు మా దుకాణం దగ్గర. మా ఆయనకు ఫోన్ చేసి, ఐసు తీసుకుని పరుగెత్తమన్నాను. నేను పోయేసరికి ఆయన వరండాలో మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన మా అత్త గొంగళి, అందులో చుట్టిన ఐసు. పెట్టె బాగుచేయించలేదు. నాతో చెప్పకుండా ఇన్నాళ్ళూ గొంగట్లోనే ఐసు దాస్తున్నాడన్నమాట. దాని సంగతి మాట్లాడే వేళ కాదు.

పిల్ల చున్నీ, బట్టలు నీళ్ళతో తడిపాం. మెడకింద, చంకల కింద ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాం. మల్లి అట్ట పట్టుకుని ఆపకుండా విసురుతూ ఉంది. "పిల్ల పుస్తకాలు పైన ఉన్నాయి, తెస్తా" అని మా ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు మొహం మీది చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

కాసేపటికి షబానా కళ్ళు తెరిచి, "అమ్మీ" అంది. వరప్రసాదం గారి కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. సాయంత్రం గ్రూపులో మెసేజి వచ్చింది: "ఒక విద్యార్థిని టిఫిన్ తినకుండా రావడం వల్ల నీరసపడింది. తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి."

ఆసుపత్రిలో షబానా తల్లి చాంద్‌బీ ఆ మెసేజి నాకు చూపించి, "మూడు చపాతీలు తిన్నాది అక్కా. నేనే పెట్టినా. నేను పెట్టలేదని రాసినారు చూడు" అని ఏడ్చింది. ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చి, తప్పు ఆ తల్లి చపాతీల మీదికి నెట్టారు.

"దీన్ని ఊరుకోవద్దు అబ్బాస్ అన్నా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. కారిచ్చినాడు. ఆసుపత్రికి ఆయనే వచ్చినాడు. పెద్దోళ్ళు. మేం ఇదే ఊళ్ళో బతకాల. పిల్ల దక్కింది, చాలు."

ఆ రాత్రి వరప్రసాదం గారి మీద కంటే ఆ "చాలు" మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. కానీ అబ్బాస్ అన్న మీద కాదు. అట్లా అనకతప్పని చోట ఆయన్ని నిలబెట్టిందెవరు?

మరునాడు మల్లిని పంపలేదు. మా ఆయన పంపమనలేదు. మధ్యాహ్నం ఆయన దుకాణం మూసి అన్నానికి వచ్చాడు. నలుగురం కింద కూర్చున్నాం. మామిడికాయ పప్పు, ఉల్లిగడ్డ, మజ్జిగ. మల్లి అన్నం కలుపుతూనే ఉంది, తినడంలేదు.

ఫోన్ మోగింది. గ్రూపులో ఫొటో. థర్మామీటరు, ఎర్రగీత. "క్లాసు గదిలో ఉష్ణోగ్రత 34. పిల్లలు ఉత్సాహంగా చదువుకుంటున్నారు." దాని కింద అప్పుడే మూడు దండాలు.

షబానా ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉంది.

ఫోన్ మా ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన ఎంగిలిచేయి పక్కకు పెట్టుకుని, వంగి చాలాసేపు చూశాడు.

"కుండ కనపడట్లేదు" అన్నాడు.

"కనపడదు."

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు.

"మల్లి ఇంక ఆ బడికి పోదు" అన్నాను. "జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరుస్తా. టీసీ కోసం నేనే పోతా. షబానా ఎందుకు పడిపోయిందో, ఆ గదిలో ఎంత వేడి ఉందో రాసి మండలం ఆఫీసులో ఇస్తా. సంతకం నా ఒక్కదానిదే ఉన్నా ఇస్తా. బడి తెరిచేదాకా పాఠాలు నేను చెప్తా."

"పది మధ్యలో..." అని మొదలుపెట్టి, ఆయన ఆగిపోయాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "నీకు అవన్నీ గుర్తున్నాయా?" అన్నాడు.

"గుర్తులేనివి మళ్ళీ చదువుకుంటా."

"మండలం ఆఫీసుకు ఒక్కదానివే పోయేదేంది? దుకాణం పూట మూస్తాలే."

మా అత్త మజ్జిగ పోస్తూ, "ఆ తురకల పిల్ల గూడ వస్తదా సదువుకు? వస్తే నా గొంగళి మీద కూసోబెట్టద్దు. ఇప్పటికే మీరు దాన్ని ఐసు మూట చేసినారు" అంది. మజ్జిగ చెంబు దించి, "తేరుకోనీ. చాప ఏస్తాలే" అని తనే అంది.

పైన ఫ్యాను గరగరమని తిరుగుతోంది. మల్లి తలెత్తి దానివైపు చూస్తోంది. చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"అమ్మా."

"ఊఁ."

"ఆ పొద్దు ఫ్యాను కింద పెడితే ఐసు తొందరగా కరిగింది కదా. నిన్న షబానాకు తడిబట్ట మీద విసిరితే ఒళ్ళు చల్లబడింది. అదే గాలి కదా? ఒకదానికి వేడి ఇచ్చి, ఇంకోదాన్నుంచి వేడి ఎట్ల తీసుకుంటది?"

మా ఆయన నమలడం ఆపి, నావైపు చూశాడు, పందెంలో మళ్ళీ దిగుతున్నవాడిలా.

"తిను ముందు" అన్నాను. "రేపు పాఠం దీంతోనే మొదలు."